రాజకాలువలోకి సిమెంటు పాలు

బెంగళూరు వాన కాలువలు చూసే చీఫ్ ఇంజనీరు గారికి,

నమస్కారం సార్. నాది కడప జిల్లా, పదకొండేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాను. మా వీధి చివర ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. సాయంత్రం పని అయిపోగానే మిక్సర్ కడిగిన సిమెంటు పాలు నేరుగా వాన కాలువలోకి వదిలేస్తారు. అవి అక్కడే గడ్డకడతాయి. గడ్డపారతో పొడిచినా పెళ్ల రాలేదు. మొన్న గంట వానకే నీళ్లు మా గడప ఎక్కాయి. అడిగితే మేస్త్రీ, "వానొస్తే అదే కొట్టుకుపోతుందిలే అన్నా" అన్నాడు.

ఎక్కడికి పోతుంది సార్? వీధి కాలువలన్నీ కలిసే పెద్ద వాన కాలువ, అదే రాజకాలువ, దాటి వర్తూరు చెరువుకి, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని నదికి. పక్కనే బెళ్లందూరు చెరువు 2017లో తగలబడితే పొగ పీల్చినవాళ్లం మేం.

నిర్మాణ వ్యర్థాలు కాలువల్లో పడకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. కొత్త రూలేమీ అడగడం లేదు. కడిగిన నీళ్లు తేరుకోవడానికి ప్రతి సైటులో ఒక గుంత తవ్వించండి. సైటు ముందున్న కాలువ శుభ్రం చేశాకే, జనం కాపురం ఉండొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వండి. బిల్డరుకి నోటీసు కంటే అదే పెద్ద టెన్షన్!

మా తప్పూ ఉంది. మా వాషింగ్ మెషీన్ నీళ్లు ఇన్నాళ్లూ మేడ మీది వాన పైపులోకే పోయేవి. పోయిన నెలే ప్లంబర్‌ని పిలిచి డ్రైనేజీకి మార్పించాను. వాన నీటిని ఇంకుడు గుంతకి మళ్లించే పని మిగిలింది.

ఒకసారి మా వీధికి రండి సార్, సాయంత్రం ఆరు దాటాక.

ఇట్లు,
మారతహళ్లి నివాసి