పాట రికార్డింగుకు క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా హన్మకొండ, పరకాల, ములుగు వైపు పిల్లలు ఊళ్లలో తిరిగి ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. చాలా సంతోషం. కానీ ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నావని అడిగితే అడోబ్ ఆడిషన్ క్రాక్ (డబ్బు కట్టకుండా నడిచేలా తాళం పగలగొట్టిన కాపీ) అంటారు. చందా కట్టి వాడాల్సిన దాన్ని ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తే వేసుకోవడం, దాంతోపాటు వైరస్ వచ్చి రికార్డింగులన్నీ పోగొట్టుకోవడం ఎందుకు? ఆ పాట పాడిన అవ్వకు మళ్లీ పాడే ఓపిక ఉండొద్దా?

ఒక్క గొంతు, ఒక్క మైక్ అయితే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. 2000 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. ఫ్యాన్ చప్పుడు తగ్గించడానికి అందులోనే నాయిస్ రిడక్షన్ ఉంది, కాకపోతే పాట మొదలయ్యే ముందు నాలుగైదు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా రికార్డింగు నడవనివ్వాలి, ఆ ముక్కను సెలెక్ట్ చేసి చూపిస్తేనే ఏది తీసేయాలో దానికి తెలుస్తుంది. మరీ ఎక్కువ మాత్రం పెట్టొద్దు. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, ఒగ్గుకథలో తాళాల మోత చచ్చిపోతుంది. నా మటుకు కొంచెం ఫ్యాన్ చప్పుడు వినపడినా పర్వాలేదు, తాళం తాళంలా ఉండాలి.

డోలుకు ఒకటి, కథ చెప్పేవారికి ఒకటి, వంతపాటకు ఒకటి అని విడివిడిగా మైకులు పెట్టేటట్టయితే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ మేలు. 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, ఆ తర్వాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు, నెలనెలా కట్టే పని లేదు. అన్ని మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కూడా ఉండాలి, అది లేకుండా ఏ సాఫ్ట్‌వేర్ వేసినా లాభం లేదు.

ఏది వాడినా అసలు రికార్డింగును వేవ్ (ధ్వనిని కుదించకుండా దాచే) ఫైలుగానే దాచండి. ఎంపీ3 చేసేటప్పుడు పోయిన ధ్వని మళ్లీ రాదు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో (ఒకే ఛానెల్) నిమిషానికి సుమారు 5 ఎంబీ, గంట కథకు 300 ఎంబీ చిల్లర, ఇప్పటి హార్డ్ డిస్కులకు అదేం లెక్క? ఇంకొకటి, డోలు మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు కూడా మీటర్ ఎరుపులోకి పోకుండా లెవెల్ ముందే తగ్గించి పెట్టుకోవాలి, అక్కడ పగిలిన శబ్దాన్ని తర్వాత ఎడిటింగ్‌లో పూర్తిగా బాగు చేయలేం.

ఇవన్నీ మన పిల్లలు ఇంగ్లీషు వీడియోలు చూసి సగం సగం నేర్చుకుంటున్నారు. మీ పేపర్లో తెలుగులో, స్క్రీన్‌షాట్లతో, ఈ బతుకమ్మ పండుగకు ముందే నాలుగు వారాలు వరుసగా వేయండి.

— ఒక పాఠకుడు, హన్మకొండ