దీపావళికి ముందే నీకీ ఉత్తరం

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు సరిగ్గా మాట రాలేదు, అందుకే రాస్తున్నా. మీ బడిలో మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టీలు పళ్ళేల దొంతర కిందపడితే ఆ రోహింగ్యా పిల్లవాడు, బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ బిడ్డ, బెంచీ కింద దూరి ఎంతకీ బయటికి రాలేదని, లాగబోతే నీ చెయ్యి కొరికాడని చెప్పావు. "అక్కడ వాడికేం జరిగిందో తెలియకపోతే నేనేం చెయ్యగలనమ్మా, రేపు కూర్చోబెట్టుకుని అన్నీ అడుగుతా" అన్నావు చూడు, ఆ మాటకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అడగొద్దు. వాడంతట వాడు చెబితే విను, అంతే.

ఎందుకంటున్నానో చెబుతా. 2021 నవంబరులో ఇక్కడ కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు విరుచుకుపడిన వారమే, 19న తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున ఊళ్ళను ఊడ్చేసింది, గుర్తుంది కదా. ఆ ఊళ్ళ నుంచి ఒక పిల్లవాడు తిరుపతిలో మేనమామ ఇంటికొచ్చి మా బడిలో ఏడో తరగతిలో చేరాడు. నెమ్మదస్తుడు. మరుసటి ఏడు డిసెంబరులో, మాండూస్ తుఫానుకు ముందు ఆకాశం మూసుకొచ్చి వాన మొదలవగానే బ్యాగు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను గట్టిగా అరిచా. అందరి ముందూ ఉచ్చ పోసుకున్నాడు.

అంతటితో ఆగానా, మంచి చేస్తున్నాననుకుని స్టాఫ్ రూముకి పిలిచి, ఆ రాత్రి ఏమైందో చెప్పమని బుజ్జగించా. చెప్పాడు, వాళ్ళ అవ్వ చెయ్యి ఎక్కడ జారిపోయిందో దాకా చెప్పాడు, చెప్పి నాలుగు రోజులు బడికి రాలేదు. ఆ కథ తెలిసినందువల్ల నేను చేయగలిగిందేమీ లేదు, వాడు మాత్రం మళ్ళీ ఆ నీళ్ళలోకి దిగాల్సి వచ్చింది. ఈ సంగతి నీకింతవరకూ చెప్పలేదు, మీ నాన్నకు కూడా చెప్పలేదు.

తర్వాత ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళి అడిగితే ఆమె చెప్పింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మెదడు ఆలోచించడం పక్కన పెట్టేస్తుంది, పారిపోవడమో తిరగబడడమో కొయ్యబారిపోవడమో ఈ మూడే దానికి తెలుసు. ఆపద గడిచిపోయినా ఆ శబ్దమో వాసనో తగలగానే ఒళ్ళు మళ్ళీ అక్కడికే వెళ్ళిపోతుంది. మనకు మొండితనంగా, పొగరుగా కనిపించేది చాలాసార్లు భయమే. నిన్ను కొరికినవాడు పళ్ళేల చప్పుడు వినలేదమ్మణ్ణీ, ఇంకేదో విన్నాడు.

మా పిల్లవాడికి తిరిగి పోవడానికి ఊరైనా ఉంది, ఇసుక మేటలు తీసి మళ్ళీ గోడలు లేపుకోవచ్చు. మీ హైదరాబాద్ బాలాపూర్ బడిలోని రోహింగ్యా పిల్లలకు అదీ లేదు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం వాళ్ళను లెక్కలోంచే తీసేసింది, 2017 ఆగస్టులో అక్కడి రఖైన్ రాష్ట్రంలో వాళ్ళ ఊళ్ళు తగలబడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. మీ క్లాసులో కొందరు ఇక్కడే పుట్టి ఉంటారు, నిజమే, కానీ నాన్నను ఎప్పుడు ఎవరు పట్టుకుపోతారో అన్న టెన్షన్ ఇంట్లో రోజూ ఉంటే అది పిల్లలకు అంటుకోకుండా ఎలా ఉంటుంది? అందుకే, మీ సారు ఒకాయన "ఆధార్ లేనివాళ్ళు లేచి నిలబడండి" అన్నాడని నువ్వు మామూలుగా చెప్పుకుపోయిన సంగతి నాకు పళ్ళేల కంటే పెద్దదనిపించింది. విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ప్రతి బిడ్డకూ అని ఉంది, వయసు రుజువు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్, మనసు నొప్పించి వేధించకూడదని 17వ సెక్షన్ చెబుతున్నాయి. హెడ్మాస్టరు గారికి మర్యాదగానే చెప్పు, కానీ చెప్పు. కాగితాల సంగతి అమ్మానాన్నలను పిలిచి గదిలో మాట్లాడుకోవచ్చు, క్లాసులో కాదు.

ఇక నువ్వు చెయ్యగలిగింది. పొద్దున వెళ్ళగానే ఆ రోజు ఏ పీరియడ్ తర్వాత ఏముందో బోర్డు మీద రాయి, రోజూ రాయి. ఇన్‌స్పెక్షన్ ఉన్నా, నువ్వు సెలవు పెట్టినా, వేరే టీచరు వస్తున్నా ముందురోజే చెప్పు. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఆ పిల్లలను సగం చంపుతుంది. వాడిని గోడకు వీపు ఆనేలా, తలుపు కనబడేలా కూర్చోనివ్వు. వెనక నుంచి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యొద్దు, ప్రేమతో అయినా సరే. "మా ఇల్లు", "సెలవుల్లో మా ఊరు" లాంటి వ్యాసాలు ఇస్తే పక్కనే "నాకిష్టమైన జంతువు" కూడా పెట్టు, ఎవరికి కావలసింది వాళ్ళు రాస్తారు. కొన్ని నెలలు తెలుగులో నోరు విప్పకపోయినా తెలివిలేదనుకోవద్దు, వింటూ ఉంటారు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటే ఆపొద్దు. గుడ్డు జేబులో దాచుకుంటే అందరి ముందు తీయించొద్దు.

మళ్ళీ బెంచీ కింద దూరితే మిగతా పిల్లలకు ఏదో పని చెప్పి, నువ్వు కాస్త దూరంగా కింద కూర్చో. మెల్లగా పేరు పెట్టి పిలువు. ఇది బడి, నేను మీ టీచరమ్మను, కింద పడినవి పళ్ళేలు అని చెప్పు. "ఇంకెప్పుడూ ఏమీ కాదు" అని మాత్రం మాటివ్వొద్దు, అది నీ చేతుల్లో లేదు, అబద్ధమైతే వాడు ఇంకెవరినీ నమ్మడు. నీళ్ళివ్వు. పాదాలు నేలకు ఆనించి కూర్చోమను. తేరుకున్నాక ఎందుకు దూరావని అడగకుండా చేతికో పని ఇవ్వు. మా వాడికి మొక్కలకు నీళ్ళు పోసే పని అప్పగించాం, నీళ్ళ దగ్గరికి వస్తాడా అని నేను భయపడ్డా కానీ రెండు నెలల్లో మగ్గు వాడే మోసుకెళ్ళేవాడు.

నిద్ర లేక, తిండి మానేసి వారాల తరబడి అలాగే ఉన్నా, చచ్చిపోతానన్నా అది నీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నీకు నిద్ర పట్టకపోయినా అదే నంబరు. పిల్లల భయం వినీ వినీ టీచర్లకు కూడా అంటుకుంటుందని ఆ డాక్టరమ్మ నాతో కచ్చితంగా చెప్పింది.

వచ్చే వారమే దీపావళి. వీధిలో టపాసులు మొదలయ్యేలోపే క్లాసులో చెప్పు: ఇది పండగ, ఫలానా రోజు, చీకటి పడ్డాక మోతలుంటాయి, అని. ఒక చిచ్చుబుడ్డి బొమ్మ గీసి చూపించు. వాళ్ళ అమ్మానాన్నలకు కూడా కబురు పంపు, పెద్దవాళ్ళూ ఉలిక్కిపడేవాళ్ళే. బడి ఆవరణలో లక్ష్మీబాంబులు కాల్చకుండా చూడు, చాలు.

మీ నాన్న సోమవారం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నారు, కాచిగూడలో దిగుతారు. ఆయన చేత వేయించిన చెనిక్కాయలు రెండు కిలోలు పంపుతున్నా. క్లాసుకు తీసుకెళ్ళు. వాడికి విడిగా, ఎక్కువగా ఇవ్వొద్దు, అందరితో పాటే వాడికీ ఒక గుప్పెడు.

అమ్మ
తిరుపతి