గరిబాన్ పేజీల సంగతి

ఒరేయ్ బావా,

‘తెస్సాకు’ అనే జపనీస్ పత్రిక అనువాదం మొదలెడతానన్నావు కదా, నిఘంటువు తీసేముందు కాగితం సంగతి చూడు. 1942 నుంచి అమెరికా 1,20,000 మంది దాకా జపాన్ మూలాలవాళ్ళని శిబిరాల్లో పడేసింది. కాలిఫోర్నియాలోని ట్యూల్ లేక్ శిబిరంవాళ్ళు 1944-45లో తెచ్చిన పత్రిక ఇది. పేరుకి అర్థమే ఇనుప కంచె. అచ్చక్షరాలు కావు, గరిబాన్. మైనపు కాగితాన్ని గరుకు రేకు మీద పరిచి ఇనుప మొనతో గీకి రాసి, సిరా రోలర్ దొర్లిస్తారు. మన సైక్లోస్టైల్‌కి దగ్గరి చుట్టమనుకో.

కాగితం చవకరకం కలపగుజ్జుది, దాన్ని అందులోని ఆమ్లమే తినేస్తుంది. మూల మడిస్తే అప్పడంలా విరుగుతుంది. తుప్పు పిన్నుల్ని పీకకు. తిరగేసి, కాళ్ళ కింద సన్నటి పాలియెస్టర్ ముక్క జొనిపి, చదునైన గరిటెతో ఒక్కో కాలూ లేపు. చిరుగుకి సెల్లోటేపు వేశావో, నేనూరుకోను! గోధుమ గంజి, వాషి అనే పల్చటి జపాన్ చేతికాగితం చాలు. స్కాన్ రంగుల్లో, 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా. వెనకవైపు రాత పైకి కనబడకుండా పేజీ కింద నల్ల కాగితం పెట్టు. నలుపు-తెలుపులో తీస్తే సన్నగీతలు మాయం.

స్కాన్ బొమ్మలోంచి అక్షరాల్ని తనే చదివే ఓసీఆర్‌ని నమ్ముకోకు. గీతలెక్కువున్న కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరం దగ్గర మైనం చిరిగి సిరా ముద్దకడుతుంది. అందుకే రాసేవాళ్ళు అక్షరాల్ని కుదించేవాళ్ళు. పైగా 1946 లిపి సంస్కరణకి ముందరి కాన (ధ్వనుల్ని రాసే జపాన్ అక్షరాలు) రాత. ‘కెఫు’ అనుంటే ‘క్యో’ అని చదవాలి, ఈవేళ అని అర్థం. ‘తెఫు’ అంటే ‘చో’, సీతాకోకచిలుక. ఉన్నదున్నట్టు ఎత్తిరాసుకో. అర్థంకాని అక్షరానికి ఖాళీ డబ్బా గియ్యి, ఊహించి పూరించకు.

అసలు తంటా శిబిరం మాటలతో. ‘మెసు’ని నిఘంటువులో వెతికితే ఆడజంతువనో, ఆపరేషన్ కత్తనో వస్తుంది. ఇక్కడది ఇంగ్లీషు ‘మెస్’, అందరూ వరసలో నిలబడి తినే భోజనశాల! ట్యూల్ లేక్‌ని కొంగ, శిఖరం, సరస్సు అనే మూడు కాంజీలతో రాస్తారు. దాన్ని ‘కొంగల సరస్సు’ చేసేస్తే ఊరే తప్పిపోతుంది.

హైకూలొస్తే అక్షరాలు లెక్కపెట్టకు. జపాన్‌వాళ్ళ లెక్క మన మాత్రలకి దగ్గర. టోక్యో మనకి రెండు గురువులు, నాలుగు మాత్రలు. వాళ్ళకీ నాలుగే, ‘క్యో’లో ఒత్తుకి వేరే లెక్క లేదు. తెలుగులో మూడు పాదాల 5-7-5 లెక్క కుదరకపోతే వదిలెయ్, బలవంతాన చొప్పించిన ‘ఆహా’లు మాత్రం వద్దు.

ముందు రెండు పేజీలు ఎత్తిరాసి, స్కాన్‌తో కలిపి పంపు. డబ్బాలు ఎన్నున్నా పర్లేదు.

నీ బావ