నర్సుల నవ్వు సరే, వార్డులో లెక్క ఎవరు అడుగుతారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆసుపత్రుల్లో నర్సులు విసుక్కుంటున్నారనీ, పిలిచినా పలకడం లేదనీ, వాళ్లకు మర్యాద నేర్పే శిక్షణ తరగతులు పెట్టాలనీ మీ పత్రికలో కొన్నాళ్లుగా పాఠకులు రాస్తున్నారు. నేను వార్డుల్లో నర్సుగా పనిచేసి, తర్వాత నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఆ ఫిర్యాదుల్లో నిజం లేదని అనను. నొప్పితో మూలుగుతున్న మనిషిని కసురుకోవడానికి ఏ సాకూ సరిపోదు. అయితే మన పాఠకులు జబ్బును సరిగానే పట్టుకుని మందు మాత్రం తప్పు రాస్తున్నారు.

ముందు రోగులకు ఏం కావాలో చూద్దాం. 1984లో ప్యాట్రీషియా లార్సన్ అనే అమెరికన్ నర్సు పరిశోధకురాలు ఈ ప్రశ్నను క్యాన్సర్ రోగుల ముందే పెట్టారు. నర్సులు చేసే యాభై రకాల పనులను కార్డుల మీద రాసి, ముఖ్యమైనవాటిని వేరు చేయమన్నారు. మంచి మాటలు, చేయి పట్టుకుని ధైర్యం చెప్పడం లాంటివి ముందు వస్తాయని ఎవరైనా అనుకుంటారు. రోగులు ముందు పెట్టినవి వేరు: ఇంజెక్షన్, సెలైన్ సరిగా ఎక్కించడం తెలిసి ఉండాలి, పరికరాలు వాడటం రావాలి, డాక్టరును ఎప్పుడు పిలవాలో తెలియాలి. తర్వాత నర్సులకు అవే కార్డులు ఇస్తే వాళ్లు రోగి మాట వినడానికి, ఊరడించడానికి పెద్దపీట వేశారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటి అధ్యయనాలు జరిగాయి. వరుసలు అటూ ఇటూ మారినా, రోగులు చెప్పేదానికీ నర్సులు ఊహించేదానికీ మధ్య తేడా మళ్లీ మళ్లీ బయటపడుతూనే ఉంది.

దీన్నిబట్టి రోగికి ఆదరణ అక్కర్లేదని కాదు. మంచం మీద పడుకున్న మనిషి మనసులో మొదట మెదిలే ప్రశ్న, నా ప్రాణం వీళ్ల చేతుల్లో భద్రంగా ఉందా అన్నదే. దానికి జవాబు దొరికాకే చిరునవ్వుకు విలువ. సూది ఒక్కసారికే నరానికి దొరికేలా గుచ్చే నర్సు మాట కటువుగా ఉన్నా, రోగులు ఆమె డ్యూటీ కోసమే ఎదురుచూడటం నేను చాలా వార్డుల్లో చూశాను.

ఇక నర్సుల మనసు ఎందుకు మొద్దుబారుతుందన్నది. లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో నర్సుల పనితీరును పరిశీలించి, ఇజబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు 1960 ప్రాంతంలో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ నర్సులు రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో, చెడిపోయిన అవయవంతోనో ప్రస్తావించేవారు. పదో మంచంలోని కాలేయం అన్నట్టుగా! ఒక్కో నర్సు ఒక్కో పనిని వార్డంతటికీ చేసుకుంటూ పోవాలే తప్ప, ఏ రోగితోనూ దగ్గరితనం పెరిగే వీలు ఉండేది కాదు. ఇది నర్సుల కాఠిన్యమని మెంజీస్ అనలేదు. రోజూ చావునూ బాధనూ చూస్తూ పనిచేసేవాళ్ల ఆందోళనను తట్టుకోవడానికి ఆసుపత్రి అనే వ్యవస్థే కట్టుకున్న గోడ అది అన్నారు. పని ఒత్తిడి వల్ల వచ్చే అలసటను కొలవడానికి 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే అమెరికన్ పరిశోధకులు తయారుచేసిన కొలమానం కూడా ఆ అలసటకు మూడు ముఖాలున్నాయని చెబుతుంది. భావోద్వేగాలు పూర్తిగా ఇంకిపోవడం మొదటిది. ఎదుటివాళ్లను మనుషులుగా కాక వస్తువులుగా చూడటం రెండోది. తాను చేసే పనికి విలువే లేదనిపించడం మూడోది. మన పాఠకులు పొగరు అంటున్నది చాలాసార్లు ఆ రెండోదే.

ఆ అలసట ఎక్కడి నుంచి వస్తుంది? లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలి బృందం 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స చేయించుకున్న 2.3 లక్షలమందికి పైగా రోగుల వివరాలను, పదివేలమందికి పైగా నర్సుల సమాధానాలను కలిపి చూసింది. నర్సు మీద ఒక్క రోగి భారం అదనంగా పడితే ఆమె అలా అలసి ఇంకిపోయే అవకాశం 23 శాతం పెరుగుతోంది. రోగి 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోంది. ఐరోపాలోని తొమ్మిది దేశాల్లో, 300 ఆసుపత్రుల్లో 2014లో చూసినా మరణాల విషయంలో అదే 7 శాతం. ఇవి పరిశీలనలే గాని ప్రయోగాలు కావు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక్కో నర్సుకు ఎందరు రోగులు ఉండవచ్చో చట్టంతో పరిమితి పెట్టింది. ఆ పరిమితి ఉన్న ఆసుపత్రులనూ లేనివాటినీ పోల్చిన అధ్యయనం 2021లో వచ్చింది. పరిమితి ఉన్నచోట మరణాలు తగ్గాయి, రోగులు త్వరగా ఇళ్లకు వెళ్లారు. అదనపు నర్సుల జీతాలకు అయిన ఖర్చుకు రెట్టింపు కంటే ఎక్కువే ఆదా అయినట్టు లెక్క తేలింది. నర్సులను పెంచితే బడ్జెట్ తట్టుకోలేదనే యాజమాన్యాలు దీన్ని ఒకసారి చదవాలి.

చేతులు చాలనప్పుడు ముందుగా వదిలేసే పనులేమిటో బియాట్రిస్ కేలిష్ అనే అమెరికన్ నర్సు పరిశోధకురాలు 2006లో నర్సులనే అడిగి తెలుసుకున్నారు. రోగిని లేపి నడిపించడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వేళకు తినిపించడం, శుభ్రం చేయడం, ఇంటికెళ్లాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పడం, ధైర్యం చెప్పడం. అంటే రోగి బంధువుల కంటికి కనిపించే పనులే! మందు ఇవ్వకపోతే కేసు షీటులో ఖాళీ కనిపిస్తుంది. ధైర్యం చెప్పకపోతే ఏ కాగితంలోనూ ఖాళీ ఉండదు.

నా సొంత రంగాన్నీ కొంచెం తప్పుపట్టాలి. నర్సింగ్ విద్యార్థులు నర్సుల వైఖరి మీద చేసే సర్వేలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటికి బయలుదేరుతున్న నర్సు చేతిలో ఒక ప్రశ్నావళి పెడతారు. రోగి మాట ఓపికగా వింటారా? ఎల్లప్పుడూ, అప్పుడప్పుడు, ఎన్నడూ. ఎన్నడూ అని ఎవరు టిక్కు పెడతారు? మరోపక్క, ఇంకా అదే మంచం మీద అదే నర్సు చేతి మందు మింగుతున్న రోగిని, అదే యూనిఫాం వేసుకున్న విద్యార్థిని తృప్తిగా ఉన్నారా అని అడుగుతుంది. ఆయన ఉన్నానంటారు. చివరికి నర్సుల వైఖరి అనుకూలంగా ఉంది, మరిన్ని శిక్షణ తరగతులు అవసరం అనే వాక్యంతో ఆ పరిశోధన అట్టవేసుకుని లైబ్రరీ బీరువాలో చేరుతుంది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఇంటికి వెళ్లిపోయిన రోగిని బయటి మనిషి అడగాలి. రోగి పిలుపు గంట మోగించాక నర్సు ఎంతసేపటికి వచ్చారో గడియారం పెట్టి చూడాలి. అన్నిటికీ మించి, ఆ పూట ఆ నర్సు చేతిలో ఎందరు రోగులున్నారో నమోదు చేయాలి. అది లేకుండా వైఖరిని కొలవడం దండగ.

తక్కువమంది రోగులున్న వార్డులోనూ దురుసుగా మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్ల మీద చర్య తీసుకోవాల్సిందే. సంఖ్య ఒక్కటే అన్నిటినీ సరిచేయదు కూడా. రోగులను దారుణంగా నిర్లక్ష్యం చేసిన ఇంగ్లండ్‌లోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిపై రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే న్యాయవాది 2013లో ఇచ్చిన విచారణ నివేదిక నర్సుల కొరతతో పాటు, లక్ష్యాల మీదా డబ్బు మీదా తప్ప రోగి మీద దృష్టి లేని యాజమాన్యాన్నీ, ఫిర్యాదు చేసిన సిబ్బంది గోడు వినని పద్ధతినీ తప్పుపట్టింది. ఆ నివేదిక తర్వాతే, 2014 నుంచి, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు డ్యూటీలో ఉండాల్సిన నర్సులెందరో, నిజంగా ఉన్నదెందరో నెలనెలా ప్రకటించడం మొదలైంది.

మీ పత్రికను నేను కోరేది ఇదే. నర్సుల ప్రవర్తన మీద వార్త రాసే ప్రతిసారీ, ఆ పూట ఆ వార్డులో నర్సులెందరు, రోగులెందరు అని విలేకరి అడగాలి. జవాబును వార్తలో అచ్చువేయాలి. జవాబు ఇవ్వకపోతే, ఇవ్వలేదని అచ్చువేయాలి. ప్రతి వార్డు గుమ్మం పక్కన ఆ రెండు అంకెలూ షిఫ్టు మారినప్పుడల్లా రాసిపెట్టాలని మీ సంపాదకీయంలో ఒక్కసారి అడగండి. పెద్ద ఖర్చేం కాదు. పలకా, సుద్దముక్కా చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు