ఆ కళ్లన్నీ ఒకే వైపు చూస్తున్నాయి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఫోన్‌లో చెప్దామని రెండుసార్లు అనుకున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అడ్డం తగులుతావు, నేను అసలు విషయానికి రాకుండానే పెట్టేస్తాను. అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

నిన్న సాయంత్రం బాలాజీ కాలనీ దగ్గర ఒక చిన్న హాల్లో ఒక చిత్రకారుడు, ఒక విమర్శకురాలు అందరి ముందూ కూర్చుని మాట్లాడుకున్నారు. మన ఊళ్లో ఇట్లాంటిది నేనెప్పుడూ చూడలేదురా. బొమ్మల సభ అంటే జ్యోతి వెలిగిస్తారు, శాలువా కప్పుతారు, అద్భుతం అంటారు, అయిపోతుంది. గోడ మీది బొమ్మ గురించి ఒక్కరూ నోరు విప్పరు. నాకది ఎప్పుడూ బాధగానే ఉండేది. నిన్న మాత్రం రెండు కుర్చీలు, రెండు మైకులు, వెనక గోడకు కట్టిన ఒక పెద్ద బట్ట. అంతే.

అతనిది శ్రీకాళహస్తి. తాత, నాన్న బట్ట మీద కలంతో బొమ్మలు వేసే కలంకారీ మనుషులే. ఇతనూ ఆ పనిలోనే పెరిగాడు, కానీ రామాయణం గడులు వదిలేసి, తెల్లారుజామున కూలి అడ్డాలో పని కోసం నిలబడే వాళ్లను వేస్తున్నాడు. ఆ బట్ట మీద ముప్పై మందికి పైగా ఉన్నారు. పారలు, గమేళాలు, స్టీలు క్యారియర్లు, ఒకావిడ చంకలో నిద్రపోతున్న పిల్ల. పద్ధతి మాత్రం పాతదే. నేను ముందుగానే వెళ్లి దగ్గర నిలబడి చూశాను. ముక్కు ఆనిస్తే ఇంకా పాల వాసన వస్తోంది. ముతక నూలు బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన దాంట్లో నానబెడతారు కదా, ఆ పాల కొవ్వు వల్లే సిరా పక్కకు పాకదట. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టిన కసిమి అనే సిరాతో గీస్తే, కరక్కాయ తగిలిన చోట గీత నల్లబడుతుంది. ఇక దాన్ని చెరపలేం. చింతపుల్లల బొగ్గుతో ముందు ఎంత దిద్దుకున్నా, కలం పెట్టాక పెట్టిందే.

విమర్శకురాలు మొదటి ప్రశ్న అక్కడే వేసింది. అంతకుముందు ఒక ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా, కళ్లద్దాలు తీసి, బట్టకు జానెడు దూరంలో ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. హాల్లో అందరికీ టెన్షన్. తర్వాత కూర్చుని అడిగింది: "చెరపలేని గీత ఇది. మరి ఎక్కడా మీ చెయ్యి తడబడలేదేం? దేవుళ్లకు పెట్టే ఆ పెద్ద చేప కన్నే ఈ కూలివాళ్లందరికీ పెట్టారు. వీళ్లను చూసి వేశారా, చెయ్యికి వచ్చింది వేశారా?"

నాకు గుండె ఝల్లుమంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తాత ఆ కన్ను కోవెల తెరల మీద దేవుడికే పెట్టాడనీ, తను అదే కన్ను అడ్డాలో నిలబడ్డ మనిషికి పెట్టాలనుకున్నాననీ చెప్పాడు. చప్పట్లు. నేనూ కొట్టాను. ఆమె ఆగలేదు. మాట బాగుంది, కానీ ఆ మాట బట్ట చెప్పట్లేదు అంది. ముప్పై మంది కళ్లూ ఒకే వైపు చూస్తున్నాయి, ఒక్కరూ మన వైపు తిరగలేదు, పనికి పిలిచేవాడి కోసం చూసే మనిషి చూపు అట్లా ఉండదు అని. వెంటనే నేను బట్ట చూశాను. నిజమేరా. గంట నుంచీ చూస్తున్నాను, నాకు కనిపించలేదు.

ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, పిలిచి అవమానిస్తారా అని గట్టిగా అన్నాడు. ఆయనకు సమాధానం చిత్రకారుడే చెప్పాడు. "కూర్చోండి సార్, ఆమెను చెప్పనీండి. నా బట్టను ఇంత సేపు చూసినవాళ్లు లేరు" అని. ఆ గొంతులో కోపం లేదు.

తర్వాత మాట కళ, చేతిపని అనే తగువు వైపు వెళ్లింది. 1950ల చివర, చేతిపనుల కోసం పాటుపడ్డ కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రాకపోతే ఈ పని మిగిలేదే కాదని, 2005లో ఇది ఈ ఊరి పనేనని భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినా, 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు గుర్రప్పశెట్టి గారికి పద్మశ్రీ ఇచ్చినా, గ్యాలరీల వాళ్లు తమను ఇంకా పనివాళ్లుగానే చూస్తారని అతను చెప్పుకొచ్చాడు. ఆమె చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ సంగతి తెచ్చింది. మన తెలుగు చిత్రకారులు లక్ష్మాగౌడ్‌కూ, వైకుంఠానికీ బరోడాలో గురువు ఆయనే, చేనేత బోర్డులో కూడా పనిచేశాడు, కళకూ చేతిపనికీ మధ్య గోడను ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు అని. పనివాడిగా చూసి మిమ్మల్ని మెచ్చుకుని వదిలేస్తే అదే చిన్నచూపు, కళాకారుడు అనుకుంటున్నాను కాబట్టే లోపం చెప్తున్నాను అంది. ఈ మాట నాతో ఇంటిదాకా వచ్చింది.

ఎందుకంటే నువ్వు గుర్తొచ్చావు. నువ్విచ్చిన చంద్రగిరి కోట బొమ్మ నా మంచం ఎదురుగానే ఉంది. ఎట్లా ఉందని మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ సూపర్ అన్నాను. నీ మనసు నొచ్చుకుంటుందని భయం. నిన్న రాత్రి లైటు వేసుకుని ఆమె చూసినట్టే చూశాను.

కోట రాళ్లు చాలా బాగున్నాయి మామా, ఒక్కో రాయి దగ్గరా నువ్వు ఆగావు. ఎండ కూడా మన ఎండే. కానీ కింద మేకలు తోలే అమ్మాయి దగ్గర తొందరపడ్డావు. ఆమె పాదాలు గడ్డిలో కలిసిపోయాయి. గడ్డి అంత ఎత్తు లేదు, పాదాలు వేయడం నీకు కష్టమనిపించి గడ్డి పెంచావు. ఆమెకు బరువు లేదు, అందుకే నేల మీద నిలబడినట్టు లేదు. కానీ వెనక్కి తిరిగి చూస్తున్న ఆ ఒక్క మేక ఉందే, దాన్ని నువ్వు నిజంగా చూసి వేశావు. మెడ దగ్గర ఆ మెలిక ఊహించి వేసేది కాదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బ్రష్షులు తెచ్చుకో. బొమ్మను గోడ మీంచి దించి పెడతాను. కోపం వస్తే రాసెయ్, ఫోన్ మాత్రం చెయ్యకు.

నీ
మామ