దేవరకొండ పాతింటి విషయంలో సాయం చేసినవాళ్లకు శనార్తులు

దేవరకొండలో మా భవంతి ఇల్లు ఎప్పటిదో, ఎవరు కొన్నదో తెలుసుకుందామని అడిగితే ఇంతమంది పట్టించుకుంటారని అనుకోలేదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

ముందుగా మా ఉర్దూ సారుకు. పెట్టెలో మడతల మీద చిరిగిపోయిన నిజాం కాలపు స్టాంపు కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి, భూతద్దంతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. తేదీ ఫసలీ 1342, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. "590 కలుపు బేటా, సాలు అక్టోబరులో మొదలైతది, అంటే 1932-33" అని నోటిలెక్క చెప్పేశారు. ధర హాలీ సిక్కాల్లో, అంటే నిజాం రూపాయల్లో ఉంది. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు బ్రిటిష్ వాళ్ల ఆరు రూపాయలతో సమానమట. అంతకన్నా పెద్ద సంగతి, కొన్నది మా ముత్తవ్వ! ఊరంతా ముత్తాత పేరుతో పిలిచే ఇల్లు అది. ఆమె మా అందరికీ పెద్దవ్వే, అసలు పేరు మా తరంలో ఎవరికీ తెలియదు. సారు పైకి చదువుతుంటే మొదటిసారి విన్నాం. మా చిన్నత్త అయితే మళ్లీ మళ్లీ చదివించుకుంది.

రెవెన్యూలో పనిచేసి రిటైరైన అన్నకు కూడా. 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) కోసం తిరగబోతుంటే, "అది సాగు భూములది తమ్మీ, మీ ఇల్లు గ్రామకంఠంలో, ఊళ్లో ఇళ్లుండే జాగాలో ఉంది, అందులో ఏం దొరకదు" అని ఆపి, పాత ఇంటిపన్ను రసీదులు వెతకమన్నాడు. చాలా తిరుగుడు తప్పింది.

ఇక మేస్త్రి పెద్దయ్య. అంతకుముందు ఎవరో పూసిన సిమెంటు వెనక గోడ చెమ్మ పట్టి ఉబ్బిపోయింది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోదని అదంతా చెక్కించాడు. సున్నం నానబెట్టి, ఇసుక కలిపి, కరక్కాయ నీళ్లు, బెల్లం పోసి డంగు సున్నం తయారుచేశాడు. తొందరపెట్టినందుకు నన్ను బాగానే తిట్టాడు. పడసాలలో టేకు మొగురాలు (కొయ్య స్తంభాలు) చూసి మాత్రం "వీటి జోలికి పోకుండ్రి" అన్నాడు, పోలేదు.

వెనకింటి పెద్దమ్మ రజాకార్ల నాటి ముచ్చట్లు చెప్పింది. పక్కిళ్ల జొన్నలు కూడా మా పాతర్లోనే దాచారట. అవి రాసుకుంటున్నాను.

దేవరకొండ వాళ్లెవరి ఇంట్లోనైనా ఇట్లాంటి ఉర్దూ కాగితాలుంటే, సాయంత్రం పూట చదివిపెడతానని సారు అన్నారు. నాకు చెప్పండి, కలుపుతాను. దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి.