టీచర్స్ డే బిస్కెట్ల జమా ఖర్చులు – పదో తరగతి బి సెక్షన్

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సెప్టెంబరు 5న మన పిల్లల టీచర్లకు ఇచ్చిన బిస్కెట్ల తాలూకు లెక్క ఇది. "వినాయక చవితి చందాలకే లెక్క అడిగే నాథుడు లేడు, బిస్కెట్లకు లెక్కేంటండీ" అని ఒకరిద్దరు నవ్వారు. నవ్వితే నవ్వారు. పదకొండేళ్లుగా డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తున్నదాన్ని, రూపాయి తేడా వచ్చినా నిద్రపట్టదు. పైగా ఈ లెక్కలో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని వాళ్లూ వీళ్లూ చెప్పుకోగా వినేకంటే నేను రాసిందే చదవండి.

శాలువాలూ వస్తువులూ వద్దని హెడ్మాస్టారు ముందే చెప్పేశారు. కిందటేడు ఇచ్చిన గోడ గడియారం సంగతి అడిగితే "ఇంట్లో అప్పటికే మూడున్నాయమ్మా" అన్నారు లెక్కల మాస్టారు. అందుకని ఈసారి చేత్తో చేసినదేదైనా ఇద్దామనుకున్నాం. మన చిన్నప్పుడు సెలవులొస్తే పిండీ, పంచదారా, డాల్డా మోసుకెళ్లి బేకరీలో బిస్కెట్లు చేయించుకునేవాళ్లం కదా, ఆ పద్ధతే. పిండి కలపడం, అచ్చులు కొయ్యడం మన పని, కాల్చిపెట్టడం బేకరీవాళ్ల పని.

ఆగస్టు 29 మీటింగులో వేసుకున్న అంచనా 20 పెట్టెలకి. హెడ్మాస్టారు, పీఈటీ సారుతో కలిపి 19 మంది టీచర్లు, ఒక క్లర్కు. ఇంటికి 120 చొప్పున 42 ఇళ్లకీ 5040 రావాలి. అందరం లేచేటప్పుడు, వాళ్లమ్మతో వచ్చిన ఒక పిల్ల "మరి వంటమ్మలకో?" అంది. ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్న భోజనం వండేవాళ్లు నలుగురు, ఆయాలు ఇద్దరు, అటెండరు, రాత్రి వాచ్‌మన్. 20 కాస్తా 28 అయింది. చందా మాత్రం పెంచలేదు.

జమ:
120 చొప్పున 31 ఇళ్లు – 3720
60 చొప్పున 5 ఇళ్లు – 300
పేరు రాయొద్దన్న ఒక తండ్రి – 500
మొత్తం వసూలు – 4520 (ఫోన్‌పేలో 3380, చేతికి 1140)

మిగతా ఐదు ఇళ్లలో ఒకరు ముప్పావు కిలో ఇంటి నెయ్యి, ఒకరు అరకిలో నువ్వులు ఇచ్చారు. వాటికి ధర కట్టలేదు. ముగ్గురు ఇవ్వలేదు. వాళ్లెవరని నన్ను అడగొద్దు, వాళ్ల పిల్లలు కూడా మిగతావాళ్లతో సమానంగా పెట్టెలు కట్టారు.

ఖర్చు:
నెయ్యి 3 కిలోలు – 1920
గోధుమపిండి 5 కిలోలు – 245
మైదా 2 కిలోలు – 92
రాగిపిండి కిలో – 62
పంచదార రెండున్నర కిలోలు – 115
బెల్లం పొడి కిలో – 75
ఏలకులు, వాము, జీలకర్ర – 145
బేకింగ్ పౌడర్, వంటసోడా, ఉప్పు – 46
పాలు లీటరు – 72
పంచదార మర పట్టించడం – 20
బేకరీకి కాల్పు కూలి, ఏడున్నర కిలోల పిండికి కిలోకి 60 చొప్పున – 450
బేకరీ కుర్రాళ్లకి – 100
అట్టపెట్టెలు 30 – 360
బటర్ పేపర్ – 60
కార్డులకి డ్రాయింగ్ షీట్లు – 80
ఆటోలు – 220
టీలు 12 – 120
మొత్తం – 4182

ఇందులో ఆటో, టీ, కుర్రాళ్లకిచ్చిన వంద, మర కూలి కలిపి 460 రూపాయలకి రసీదులు లేవు. మిగతావన్నీ ఉన్నాయి. టీలు చందాలోంచి ఎందుకు తాగారని ఒకరు అడిగారు. రాత్రి తొమ్మిదికి మొదలెట్టి ఒంటిగంట దాకా భట్టీ ముందు నిలబడ్డాం, అందుకు.

బ్రెడ్లూ బన్నులూ దిగాక భట్టీ వేడి కొంచెం చల్లబడుతుంది, బిస్కెట్లకి ఆ వేడే కావాలి. అందుకే ఆదివారం రాత్రి, బేకరీవాళ్ల పని అయ్యాకే మన ట్రేలు లోపలికెళ్లాయి. నెయ్యి వద్దు, డాల్డా పెట్టండి, బిస్కెట్టు నిలబడుతుంది అన్నాడు బేకరీ మాస్టరు. అతను చెప్పిందీ నిజమే, నెయ్యి పిండి వేడి తగలగానే పరుచుకుపోతుంది. కోసిన బిస్కెట్లని ట్రేలతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టించి, అప్పుడు కాల్చాం. ఖర్చులో దగ్గర దగ్గర సగం నెయ్యిదే. దానికి మాత్రం నేను సంజాయిషీ చెప్పను.

మూడు రకాలు చేశాం. ఏలకుల గోధుమ బిస్కెట్లు, బెల్లం వేసి పైన నువ్వులద్దిన రాగి బిస్కెట్లు, వాము జీలకర్రల ఉప్పు బిస్కెట్లు. మూడోది షుగరున్న మాస్టార్ల కోసం. ఎవరెవరికి ఉందో తెలియక అందరి పెట్టెలోనూ వేశాం. గుడ్డు వాడలేదు.

ఇక నా తప్పు. వంటసోడా రాగి బిస్కెట్లకి, బేకింగ్ పౌడర్ గోధుమవాటికి అని రెండూ తెచ్చాం. కొట్లో రెండూ ఒకే రకం కాగితంలో పొట్లాలు కట్టిచ్చారు. ఏది ఏదో నాలిక మీద వేసి చూడాల్సింది, చూడలేదు. మొదటి కిలో గోధుమపిండిలో నాలుగు చెంచాల సోడా పడింది. సోడాకి పులుపు ఏదో ఒకటి తగలాలి. బెల్లంలో కాస్త ఉంటుంది, పంచదారలో, నెయ్యిలో ఏముంటుంది? సోడా సోడాలాగే మిగిలిపోయింది. ట్రే బయటికొచ్చేసరికి ఇటుకల రంగు. వాసన బాగానే ఉంది. కొరికితే మాత్రం బట్టల సబ్బు. మాస్టరు ఒకటి నోట్లో వేసుకుని, ఏమీ అనకుండా వెళ్లి పుక్కిలించి వచ్చాడు.

ఆ వాయికి అయిన ఖర్చు: పిండి 49, పంచదార 23, అరకిలో నెయ్యి 320, కాల్పు కూలి 60, వెరసి 452. ఇది మీ చందాలోంచి పోకూడదని నేను కట్టాను. కమిటీలో మిగతా ఇద్దరూ వద్దన్నారు, నేను వినలేదు. పోయింది కొన్న నెయ్యా, ఇచ్చిన నెయ్యా అని ఒకరడిగారు. కొన్న ధరకే కట్టాను. ఆ బిస్కెట్లు నెయ్యి ఇచ్చినావిడ పట్టుకెళ్లి వాళ్ల గేదెకి కుడితిలో కలిపారు. అదీ ముందు మొహం తిప్పుకుందట.

వసూలు 4520, నేను కట్టింది 452, కలిపి జమ 4972. ఖర్చు 4182 పోగా చేతిలో నిల్వ 790.

చల్లారాక తూస్తే మంచివి 11 కిలోల 900 గ్రాములు తేలాయి. పెట్టెకి 400 గ్రాముల చొప్పున 28 పెట్టెలకి 11 కిలోల 200. తేడా 700 గ్రాములు సోమవారం సాయంత్రం సర్దిన పిల్లలూ, మేమూ తినేశాం. విరిగినవే తిన్నామని రాయమన్నారు, రాస్తున్నాను. పాడైన వాయి తీసేస్తే పెట్టె ఒక్కింటికి 133 రూపాయల చిల్లర పడింది. కొనేస్తే ఇంకా చవగ్గా అయ్యేది కదా అన్నవాళ్లకి: అవును, అయ్యేది. పెట్టెలు తాడేపల్లిగూడెంలో హోల్‌సేల్‌గా తెచ్చినందుకు 12 చొప్పున వచ్చాయి. రెండు మిగిలాయి.

కార్డులు పిల్లలే గీశారు. ఎక్కువ వాటిమీద రాధాకృష్ణన్ గారి తలపాగానే. మొహం రానివాళ్లు తలపాగా, కళ్లజోడు గీసి వదిలేశారు, అయినా ఎవరో తెలుస్తూనే ఉంది. ఒక పిల్లాడు ఆయన 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అని రాసి సోషల్ టీచర్‌కి ఇచ్చాడు. మార్కులేమైనా పడతాయని కాబోలు. వంటమ్మల్లో పెద్దావిడ పెట్టె తీసుకుని "ఇది స్టాఫ్ రూములో ఇవ్వాలా?" అని అడిగారు. మీకేనండీ అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆవిడ కార్డు మీద గరిటె బొమ్మ ఉంది.

నిల్వ 790 నా దగ్గర ఉంచుకోలేదు, కమిటీలో రెండో ఆవిడకి ఇచ్చి సంతకం తీసుకున్నాను. మార్చిలో పిల్లల వీడ్కోలుకి వాడదామని మా ఆలోచన. వద్దనేవాళ్లు వచ్చే ఆదివారం మీటింగులో చెప్పండి. రసీదుల ఫైలు ఆ రోజు బల్ల మీద పెడతాను, తిరగేసి చూసుకోవచ్చు.

ఇంకొకటి. పిండి తెచ్చిన స్టీలు డబ్బాలు రెండు మా ఇంట్లో ఉండిపోయాయి. ఒకదాని మూత మీద చెక్కించిన పేరు అరిగిపోయి చివర "లక్ష్మి" ఒక్కటే కనబడుతోంది. మన సెక్షన్లో లక్ష్ములు ఆరుగురున్నారు. ఎవరిదో వచ్చి పట్టుకెళ్లండి.